హాలిబర్టన్ పడిపోయిన తరువాత: అభిమాని ఆశపై ఒక సంవాదం

ఆశాపక్షం: కీలకమైన ఆటగాడు గాయపడిన క్షణంలోనే అభిమాని ఆశ వదులుకోవాలన్న మాట వివేకంలాగే వినిపిస్తుంది గాని, బాస్కెట్‌బాల్ కోర్టులో నిజంగా జరిగినదానితో అది పొసగదు. 2025 జూన్ 22న ఓక్లహోమా సిటీలో ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడవ ఆట, అంటే ఎవరు గెలిస్తే వారే ఆ ఏటి విజేతలయ్యే చిట్టచివరి ఆట, మొదలైన ఏడు నిమిషాలకే ఇండియానా పేసర్స్ జట్టుకు ఆట నడిపించే టైరీస్ హాలిబర్టన్ కుడికాలి అకిలిస్ టెండన్ తెగి నేలమీద కూలబడ్డాడు. పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే ఆ స్నాయుబంధనం తెగితే కాలు నేలను తన్ని లేవలేదు కనుక, అతడు తిరిగి కోర్టులోకి వస్తాడన్న ఊహకు అప్పుడే తావు లేకుండా పోయింది. అయినా సగం ఆట ముగిసేసరికి పేసర్స్ 48-47తో ఒక పాయింటు ముందుండగా, 2024-25 సీజన్‌లో 68 ఆటలు గెలిచిన ఓక్లహోమా సిటీ థండర్ తన సొంత ప్రేక్షకుల ముందే వెనుకబడి ఉంది. ఆ స్కోరును కళ్ళారా చూస్తున్న ఇండియానా అభిమాని ఆశపడితే, దానిని భ్రమ అనడానికి ఆధారమేమిటి?

సంశయపక్షం: ఆ ఆధారం తరువాతి పన్నెండు నిమిషాలలోనే దొరుకుతుంది. మూడవ క్వార్టర్‌లో థండర్ 34 పాయింట్లు చేయగా పేసర్స్ 20 మాత్రమే చేయగలిగారు. ఆట 103-91తో ముగిసింది. ఇది దురదృష్టం కాదు, ఆట నిర్మాణంలోనే ఉన్న కారణం. బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్క వైపు కోర్టుపై ఉండేది ఐదుగురే. వారిలో శ్రేష్ఠుడైనవాడు 48 నిమిషాలలో 35 నుంచి 40 నిమిషాల దాకా ఆడతాడు, దాడి మొదలైనప్పుడల్లా బంతి ముందుగా అతడి చేతికే వస్తుంది. పదకొండుమంది ఆడే క్రికెట్‌లో ఒక బ్యాటరు లేని లోటును మిగిలినవారు పంచుకోవచ్చు గాని, బంతిని ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించే ప్లేమేకర్ లేని లోటు ఐదుగురిలో ప్రతి ఒక్కరి ఆటలోనూ కనిపిస్తుంది. అలవాటు లేనివాడు బంతి నడిపిస్తాడు, ప్రత్యర్థి ఒత్తిడికి బంతి చేజారుతుంది, చేజారిన ప్రతి బంతీ అవతలివారికి సులువైన బాస్కెట్ అవుతుంది. కాడికి కట్టిన జోడెద్దులలో ఒకటి కుంటుపడితే రెండవదాని బలం రెట్టింపు కాదు. దాని మెడమీద బరువు మాత్రమే రెట్టింపు అవుతుంది. పైగా ప్లేఆఫ్స్, అంటే 82 ఆటల సీజన్ ముగిశాక 16 జట్లు తలపడే నాకౌట్ దశ, ప్రతి అంచెలోనూ ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారే ముందుకు వెళ్ళేలా ఏర్పడింది. ఏడు ఆటల దాకా సాగే పోరులో అదృష్టం వాటా తగ్గి బలం వాటా పెరగాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. బలం తగ్గిన జట్టుపై ఆశ పెట్టుకోవడమంటే ఆ ఏర్పాటు పనిచేయకూడదని కోరుకోవడమే.

ఆశాపక్షం: నిర్మాణం గురించిన ఆ మాటను అంగీకరించవలసిందే. అయితే పేసర్స్ ఆ ఏడవ ఆట దాకా చేరుకున్న తీరు ఆ లెక్కకు ఎక్కడా లొంగలేదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. 2024 అక్టోబరులో సీజన్ తొలి ఆటలోనే వారి సెంటర్ జేమ్స్ వైజ్‌మన్‌కు, మరికొద్ది రోజులకే ఇంకొక సెంటర్ ఐసేయా జాక్సన్‌కు ఇదే టెండన్ తెగింది. సెంటర్ అంటే బాస్కెట్ దగ్గర నిలిచి ఆడే పొడగరి. అటువంటివారు ఇద్దరు పోయిన జట్టు మొదటి 25 ఆటలలో పదే గెలిచింది. ఆ జట్టే సీజన్ చివరికి 50 విజయాలతో నిలిచి, ప్లేఆఫ్స్‌లో మిల్వాకీపైన, క్లీవ్‌లాండ్‌పైన, న్యూయార్క్‌పైన ఓటమి ఖాయమనిపించిన ఆటలను చివరి సెకన్లలో తిప్పుకుంది. ఫైనల్స్ మొదటి ఆటలో గడియారంలో 0.3 సెకన్లు మిగిలి ఉండగా పడిన బాస్కెట్‌తో 111-110 అయింది. ఆ ఆట మొత్తంలో పేసర్స్ ముందున్నది ఆ 0.3 సెకన్లే. రెండు నెలలపాటు ఇన్నిమార్లు తన లెక్క తప్పడం చూసిన అభిమాని, హాలిబర్టన్ పడిపోయాక కూడా కుర్చీలోంచి లేవకపోతే, అది చూసినదాని నుంచి నేర్చుకున్న పాఠమే.

సంశయపక్షం: ఆ చివరి సెకన్ల బాస్కెట్లు ఎవరి చేతినుంచి వెలువడ్డాయో ఆశాపక్షం చెప్పకుండా దాటవేసింది. మిల్వాకీతో అయిదవ ఆటలో, క్లీవ్‌లాండ్‌తో రెండవ ఆటలో, న్యూయార్క్‌తో మొదటి ఆటలో, థండర్‌తో మొదటి ఆటలో ఆ బంతి విసిరినవాడు హాలిబర్టనే. ఏ అనుభవాన్ని ఆశకు ప్రమాణంగా చూపుతున్నారో, ఆ అనుభవాన్ని కల్పించినవాడే ఇతరుల ఆసరాతో కోర్టు విడిచాడు. ప్రమాణం తొలగిపోయాక కూడా దానిమీద నిలిచిన నమ్మకం అలాగే కొనసాగితే, దానిని నేర్చుకున్న పాఠం అనడం తగదు.

ఆశాపక్షం: ఒక్క జట్టును పక్కన పెట్టి ఎన్‌బీఏ చరిత్రను చూసినా ప్రమాణాలకు కొరత లేదు. 1970 ఫైనల్స్ అయిదవ ఆటలో న్యూయార్క్ నిక్స్ సెంటర్ విల్లిస్ రీడ్‌కు తొడ కండరం చిరిగి, ఆరవ ఆటకు అతడు లేకపోగా, మే 8న ఏడవ ఆటకు ముందు కుంటుతూ కోర్టులోకి నడిచివచ్చి తన మొదటి రెండు బంతులనూ బాస్కెట్‌లో వేశాడు. నిక్స్ 113-99తో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను ఓడించి తమ తొలి టైటిల్ గెలుచుకున్నారు. 1980లో చీలమండ బెణికిన కరీమ్ అబ్దుల్-జబ్బార్ లేకుండా ఫిలడెల్ఫియాకు వెళ్ళిన లేకర్స్, ఇరవై ఏళ్ళ మ్యాజిక్ జాన్సన్‌ను సెంటర్ స్థానంలో నిలిపితే, అతడు 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో ఆ రాత్రే టైటిల్ తెచ్చిపెట్టాడు. రీబౌండ్ అంటే గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని పట్టడం, అసిస్టు అంటే సహచరుడి బాస్కెట్‌కు దారితీసిన పాస్; ఒక్కడే ఈ మూడింటిలోనూ అంతగా రాణించడం ఆ వయసులో ఎవరూ ఊహించనిది. ఇటీవలి కాలంలో 2021 జూన్ 29న అట్లాంటాలో మిల్వాకీ బక్స్ నాయకుడు యానిస్ అంటెటోకున్‌పో మోకాలు వెనక్కి వంగిపోతే, ఆ తరువాతి రెండు ఆటలనూ అతడు లేకుండానే గెలిచి బక్స్ ఫైనల్స్ చేరారు; అతడు కోలుకుని తిరిగివచ్చి, ఫైనల్స్ ఆరవ ఆటలో 50 పాయింట్లు చేసి, ఆ నగరానికి 50 ఏళ్ళ తరువాత టైటిల్ అందించాడు.

సంశయపక్షం: ఈ మూడు కథలూ నిజమే గాని, చెప్పే తీరులోనే వాటినుంచి కొంత జారిపోతోంది. 1970లో రీడ్ చేసినవి మొత్తం నాలుగు పాయింట్లు; ఆ ఆటను గెలిపించినది 36 పాయింట్లు, 19 అసిస్టులు సాధించిన వాల్ట్ ఫ్రేజియర్. అతడి పేరు పక్కకు తప్పుకుని, కుంటుతూ నడిచివచ్చిన రీడ్ రూపమే మిగలడం జ్ఞాపకం ఆశకు ఎంతగా లోబడి ఉంటుందో చూపుతుంది. 1980లో లేకర్స్ అప్పటికే 3-2తో ముందున్నారు. ఆ ఆధిక్యం అబ్దుల్-జబ్బార్ అయిదవ ఆటలో బెణికిన కాలితోనే 40 పాయింట్లు చేసి ఇచ్చినది. 2021 కథ ఇంకా లోతుగా చూడదగ్గది. యానిస్ గాయపడిన ఆటలోనూ దాని తరువాతి ఆటలోనూ అట్లాంటా నాయకుడు ట్రే యంగ్ పాదం గాయంతో ఆడలేదు. అంతకు ముందు అంచెలో బక్స్‌తో తలపడిన బ్రూక్లిన్ నెట్స్‌కు కైరీ ఇర్వింగ్ చీలమండ గాయంతో దూరమయ్యాడు, జేమ్స్ హార్డెన్ తొడ వెనుక కండరం పట్టేసిన స్థితిలో ఆడాడు. అయినా ఏడవ ఆట అదనపు సమయం దాకా వెళ్ళింది. అంటే బక్స్ అభిమాని ఆశ నెరవేరడానికి మరి రెండు నగరాల అభిమానులు తమ ఆటగాళ్ళ గాయాలను చూడవలసివచ్చింది.

నెరవేరని ఆశల జాబితా నెరవేరినవాటికన్నా చాలా పొడవైనది గాని దానిని ఎవరూ చెప్పుకోరు. 2015 ఫైనల్స్‌కు కెవిన్ లవ్ భుజం గాయంతో ముందే దూరమై, మొదటి ఆటలోనే, అప్పట్లో అదే జట్టుకు ఆడిన ఇర్వింగ్ మోకాలిచిప్ప చిట్లగా, లెబ్రాన్ జేమ్స్ ఆటకు సగటున 35.8 పాయింట్లు చేసినా క్లీవ్‌లాండ్ 4-2తో ఓడింది. 2019లో అయిదవ ఆటలో కెవిన్ డ్యురాంట్‌ను, ఆరవ ఆటలో క్లే థాంప్సన్‌ను పోగొట్టుకున్న గోల్డెన్ స్టేట్ వారియర్స్ కూడా అలాగే ఓడారు. డ్యురాంట్ నేలమీద కూర్చుని మడమ పైభాగాన్ని తడుముకుంటున్నప్పుడు టొరాంటో ప్రేక్షకులలో కొందరు హర్షధ్వానాలు చేశారు. టొరాంటో ఆటగాళ్ళే చేతులెత్తి వారిని ఆపవలసివచ్చింది. అదీ అభిమానుల ఆశే.

ఆశాపక్షం: ఆ హర్షధ్వానాలకు ఏ సమర్థనా లేదు, ఈ పక్షం వాటిని కాపాడబోదు. ఒకరి గాయం మరొకరి అవకాశంగా మారుతుందన్నది కూడా కాదనరానిదే. అయితే సంశయపక్షం ఆశను మొదటినుంచీ టైటిల్ అనే ఒకే కొలతతో కొలుస్తోంది. 2013 వసంతంలో చికాగో బుల్స్ అభిమానులు దేనికోసం ఎదురుచూశారో చూస్తే ఆ కొలత చాలదని తెలుస్తుంది. వారి నాయకుడు డెరిక్ రోజ్ ఆ సీజన్ మొత్తం ఆడలేదు. బ్రూక్లిన్‌తో మొదటి అంచె నాలుగవ ఆటలో నాలుగు నిమిషాలు కూడా మిగలకుండా 14 పాయింట్లు వెనుకబడి ఉన్నప్పుడు, అయిదడుగుల తొమ్మిదంగుళాల నేట్ రాబిన్సన్ ఒక్క నాలుగవ క్వార్టర్‌లోనే 23 పాయింట్లు చేయడంతో, ఆట మూడు అదనపు సమయాల దాకా సాగి 142-134తో చికాగోకు దక్కింది. ఏడవ ఆటనాటికి లూల్ డెంగ్ ఆసుపత్రి చికిత్సల తరువాత కోలుకోలేక, కర్క్ హైన్‌రిక్ పిక్క గాయంతో, ఇద్దరూ దూరమయ్యారు. అరికాలి కణజాలం వాచి అడుగు వేయడమే బాధగా ఉన్న జోకిమ్ నోవా 24 పాయింట్లు, 14 రీబౌండ్లు, 6 బ్లాకులతో, అంటే ప్రత్యర్థి విసిరిన ఆరు బంతులను గాలిలోనే అడ్డుకుని, బ్రూక్లిన్ సొంత కోర్టులోనే 99-93తో జట్టును గెలిపించాడు. తరువాతి అంచె మొదటి ఆటలో పెదవికి కుట్లు పడిన రాబిన్సన్ 27 పాయింట్లు చేయగా, ఆ ఏడాది విజేతలైన మయామీని బుల్స్ వారి కోర్టులోనే ఓడించారు. ఆపైన వరుసగా నాలుగు ఆటలు ఓడి ఇంటిముఖం పట్టారు. మయామీని నాలుగుసార్లు ఓడించగలమని ఆ అభిమానులలో ఎందరు నమ్మారో చెప్పలేము గాని, ఆ ఆటలను ఆశతో చూసినవారికి దక్కిన బాస్కెట్‌బాల్, లెక్కవేసి టీవీ కట్టేసినవారికి దక్కలేదు. ఆ వసంతంలో ఆశ ఫలితం గురించిన జోస్యం కాదు, మిగిలినవారి శ్రమను చివరిదాకా చూడడానికి కావలసిన శ్రద్ధ. నోవా వేసిన ప్రతి అడుగూ ఏమి కోరిందో తెలుసుకోవాలంటే, ఆ అడుగు వ్యర్థం కాకపోవచ్చునని నమ్ముతూనే చూడాలి.

సంశయపక్షం: ఈ సంవాదంలో ఇంతవరకు వచ్చిన వాదాలలో ఇదే అన్నిటికన్నా బలమైనది, ఆ ఏడవ ఆట గొప్పతనాన్ని ఎవరూ తగ్గించలేరు. కాని అదే నగరంలో, అదే వసంతంలో, అదే ఆశ మరొకవైపు ఏమి చేసిందో కూడా చెప్పుకోవాలి. రోజ్ 2011లో 22 ఏళ్ళకే లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నవాడు. ఆ పురస్కారం అందుకున్నవారిలో అతడికన్నా చిన్నవాడు లేడు. 2012 ఏప్రిల్ 28న ఫిలడెల్ఫియాతో మొదటి అంచె మొదటి ఆట ముగియడానికి ఒకటిన్నర నిమిషం కూడా లేని సమయంలో, చికాగో 12 పాయింట్లు ముందున్న స్థితిలో, అతడు గెంతి దిగుతుండగా ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. ఏసీఎల్ అంటే తొడ ఎముకను కింది కాలి ఎముకతో కట్టి ఉంచి, మోకాలు ముందుకు జారకుండా, మెలితిరగకుండా కాపాడే సంధిబంధనం. అది తెగితే శరీరంలో మరొక చోటినుంచి తీసిన స్నాయువుతో దానిని కొత్తగా నిర్మించవలసి ఉంటుంది. అగ్రస్థానంలో ఉన్న చికాగో, ఎనిమిదవ స్థానంలో ఉన్న ఫిలడెల్ఫియా చేతిలో ఆ అంచెలోనే ఓడింది. మరుసటి సీజన్ చివరికి, ఆడడానికి వైద్యుల అనుమతి వచ్చిందన్న వార్తలు వెలువడినా, రోజ్ తన కాలిమీద తనకే నమ్మకం కుదరక కోర్టులోకి దిగలేదు. నోవా నొప్పితో ఆడుతుంటే, డెంగ్ ఆసుపత్రిలో ఉంటే, ఇతడు సూటు వేసుకుని బెంచీమీద కూర్చున్నాడన్న నింద ఆ వారాలలో పత్రికల నిండా, అభిమానుల నోళ్ళ నిండా వినిపించింది. చికాగో దక్షిణప్రాంతంలోనే పుట్టిపెరిగి, ఆ నగరానికి తన రెండు మోకాళ్ళూ అప్పగించిన యువకుడిని పిరికివాడనేంత దూరం ఆ నగరంలోని కొందరి ఆశ వెళ్ళింది. 2013 అక్టోబరులో అతడు తిరిగివచ్చాడు. పది ఆటలు ముగిసేసరికి రెండవ మోకాలిలో, ఎముకల మధ్య మెత్తగా ఉండే మెనిస్కస్ అనే మృదులాస్థి చిరిగింది. నోవాను చూసే శ్రద్ధ, రోజ్‌ను నిందించే అసహనం రెండూ ఒకే గుండెలో ఉన్నాయని ఒప్పుకోకుండా ఆశను కొనియాడడం న్యాయం కాదు.

ఆశాపక్షం: రోజ్‌కు జరిగినది అన్యాయమే. ఆ నిందను ఆశ ఖాతాలో వేయాలా, ఓపిక లేకపోవడం ఖాతాలో వేయాలా అన్నది వేరే చర్చ. ఆ రెండింటి మధ్య గీత గీయడం తేలిక కాదన్నది మాత్రం నిజం.

సంశయపక్షం: ఆ గీత ఎందుకు గీయలేమో డ్యురాంట్, హాలిబర్టన్‌ల కాళ్ళు చెబుతాయి. 2019 మే 8న డ్యురాంట్ కుడి పిక్క కండరానికి గాయమైంది. నెల రోజులు దూరంగా ఉండి, జట్టు 3-1తో వెనుకబడ్డాక జూన్ 10న తిరిగివచ్చాడు. పన్నెండు నిమిషాలలో 11 పాయింట్లు చేశాక అదే కాలి అకిలిస్ టెండన్ తెగింది. హాలిబర్టన్‌కు 2025 ఫైనల్స్ అయిదవ ఆటలో కుడి పిక్క కండరం గాయపడింది. ఆరవ ఆటలో అతడు దిగగా పేసర్స్ 108-91తో గెలిచారు. ఏడవ ఆటలో అదే కాలి టెండన్ తెగింది. ఆరవ ఆటలో అతడు దిగినప్పుడు ఇండియానాపోలిస్‌లోని గెయిన్‌బ్రిడ్జ్ ఫీల్డ్‌హౌస్‌లో 17,000 మందికి పైగా లేచి నిలబడి చేసిన ఆ శబ్దంలో, విశ్రాంతి తీసుకొమ్మని చెప్పే గొంతు ఒక్కటి కూడా వినిపించే అవకాశం లేదు.

ఆశాపక్షం: పిక్క గాయమే టెండన్ తెగడానికి కారణమని ఆ ఇద్దరి విషయంలోనూ నిశ్చయంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటుంది. శస్త్రచికిత్స జరిగిన వెంటనే హాలిబర్టన్ తన నిర్ణయానికి చింతించడం లేదని, ఆ నగరం కోసం, సహచరుల కోసం మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తానని బహిరంగంగా ప్రకటించాడు. 2019 ఆరవ ఆటలో 30 పాయింట్లు చేశాక మోకాలికి గాయమై సొరంగమార్గం దాకా వెళ్ళిన క్లే థాంప్సన్ వెనుదిరిగి వచ్చి తనకు రావలసిన రెండు ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్‌కు పరిహారంగా అడ్డులేకుండా విసిరే బంతులు, రెండింటినీ బాస్కెట్‌లో వేశాడు. అవి తాను వేయకపోతే ఆ ఆటలో మళ్ళీ దిగే హక్కు పోతుందన్న నియమమే అతడిని వెనక్కి నడిపించింది. ఇటువంటివారిని ప్రేక్షకుల ఒత్తిడికి లొంగిన బాధితులుగా చిత్రిస్తే వారి సంకల్పాన్నే కాదనడమవుతుంది. ప్రేక్షకుడి ఆశ ఆటగాడిమీద బయటినుంచి వచ్చి పడే భారం మాత్రమే కాదు; చాలాసార్లు అది ఆటగాడి ఆశనుంచే పుట్టి వ్యాపించినది.

సంశయపక్షం: సంకల్పం వారిదే, కాదనడం లేదు. అయితే సంకల్పం శూన్యంలో పుట్టదు. ఏడవ ఆట, జీవితంలో మళ్ళీ వస్తుందో రాదో తెలియని ఫైనల్స్, ఒక్కసారైనా ఎన్‌బీఏ టైటిల్ గెలవని నగరం, తనవైపే చూస్తున్న సహచరులు, ఇన్ని ఉన్నచోట వద్దనడానికి కావలసిన ధైర్యం ఆడడానికి కావలసిన ధైర్యంకన్నా ఎక్కువ. డ్యురాంట్ గాయపడిన రాత్రి వారియర్స్ జట్టు నిర్వాహకుడు బాబ్ మయర్స్ కన్నీళ్ళతో విలేకరుల ముందుకు వచ్చి, ఎవరినైనా నిందించాలనుకుంటే తననే నిందించమన్నాడు. ఆ రాత్రి ఒక అధికారి తన వాటా తాను స్వీకరించాడు. ప్రేక్షకుడు స్వీకరించిన సందర్భం ఈ చరిత్రలో ఎక్కడ ఉంది? వేల మైళ్ళ అవతల, భారతదేశంలో సోమవారం ఉదయం 5:30 గంటలకు మొదలైన ఆ ఏడవ ఆట కోసం నిద్ర మానుకుని లేచిన హైదరాబాదు అభిమానికైనా, ఇండియానాపోలిస్ అభిమానికైనా, గాయపడిన కాలు తెరమీద కదిలే బొమ్మే. అది తెగినప్పుడు ఇద్దరిలో ఎవరికీ నొప్పి పుట్టదు.

ఆశాపక్షం: నొప్పి పుట్టకపోయినా నష్టం మిగులుతుంది, ఆ నష్టంతో ఏళ్ళ తరబడి నిలవడమే అభిమాని చేయగలిగిన పని. 2019 అక్టోబరులో భారతదేశంలో జరిగిన తొలి ఎన్‌బీఏ ఆటలను ముంబయిలో శాక్రమెంటోతో ఆడినది ఈ పేసర్సే. ఆ రెండు రోజుల పరిచయంతో ఈ జట్టును పట్టుకున్నవారికి గెలుపు హామీ ఎవరూ ఇవ్వలేదు. ఒక రాత్రి ఓడిన ఆశకు మరుసటి రోజు కూడా నిలవవలసిన అవసరం ఉంటుంది. 2015లో ఓడిన క్లీవ్‌లాండ్ 2016లో 3-1తో వెనుకబడి కూడా టైటిల్ గెలిచింది. 2019లో మోకాలికి గాయమై, 2020లో అకిలిస్ టెండన్ తెగిన థాంప్సన్ 941 రోజుల తరువాత 2022 జనవరి 9న తిరిగివచ్చాడు, ఆ జూన్‌లోనే వారియర్స్ మళ్ళీ విజేతలయ్యారు. గాయానికీ గెలుపుకీ మధ్య ఉన్న ఆ రెండున్నరేళ్ళు ఎదురుచూసినవారు లెక్క తెలియనివారు కారు.

సంశయపక్షం: ఎదురుచూపుకు యోగ్యమైన జట్టు ఆగి ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. ఎన్‌బీఏలో జట్టు ఆగదు. 2025 ఏప్రిల్‌లో మిల్వాకీ ఆటగాడు డేమియన్ లిలార్డ్‌కు ఇదే పేసర్స్‌తో ఆడుతుండగా అకిలిస్ టెండన్ తెగింది. ఆ జూలైలో మిల్వాకీ అతడిని వదులుకుని, ఇవ్వవలసిన మిగతా సొమ్మును ఐదేళ్ళకు విస్తరించి, అలా జీతాల పరిమితిలో ఏర్పడిన ఖాళీలో పదేళ్ళుగా ఇండియానాలో ఆడుతున్న సెంటర్ మైల్స్ టర్నర్‌ను తీసుకుపోయింది. 2025-26 సీజన్‌లో హాలిబర్టన్ ఆడడని పేసర్స్ ముందుగానే ప్రకటించారు. సీజన్ ఆరంభం నుంచే ఓటములు మీదపడ్డాయి. 2019లో గాయపడిన డ్యురాంట్ సైతం మూడు వారాలలోనే బ్రూక్లిన్‌కు వెళుతున్నట్టు ప్రకటించాడు. అభిమాని ఎవరికోసం ఎదురుచూశాడో వారు చెదిరిపోయాక, మిగిలేది జెర్సీ రంగు. అప్పుడు ఆశ దారి మళ్ళి, ఎంత ఎక్కువగా ఓడితే కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అంత మంచి అవకాశం వస్తుందన్న లెక్కలోకి దిగుతుంది. తన జట్టు ఓడాలని తానే కోరుకునే స్థితి అది. 2019-20లో 15 గెలిచి 50 ఓడిన వారియర్స్‌కు ఆ ఓటముల ఫలంగా రెండవ ఎంపిక దక్కింది.

ఆశాపక్షం: ఆ రెండవ ఎంపికతో వారు తీసుకున్నది ఎవరినో చెబితే ఈ వాదం రూపు మారుతుంది. 2020 నవంబరు 18న వారు ఎంచుకున్నది జేమ్స్ వైజ్‌మన్‌ను; థాంప్సన్ టెండన్ తెగినది కూడా సరిగ్గా ఆ రోజే. ఓటముల లెక్కతో తెచ్చుకున్న వైజ్‌మన్ మోకాలి గాయంతో 2021-22 సీజన్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆ ఏడు టైటిల్ తెచ్చినవారు స్టెఫన్ కరీ, డ్రేమండ్ గ్రీన్, తిరిగివచ్చిన థాంప్సన్. పాతవారినే నమ్ముకున్నవారికి టైటిల్ దక్కింది; లెక్కగట్టి తెచ్చుకున్న కొత్త ఎంపిక అక్కరకు రాలేదు.

సంశయపక్షం: అదే వైజ్‌మన్ 2024 అక్టోబరులో పేసర్స్ జెర్సీలో టెండన్ తెగి కూలినప్పుడు, అతడికోసం 941 రోజులు ఎదురుచూస్తామన్నవారు ఎవరూ లేరు. ఆశ అందరి గాయాలనూ సమానంగా చూడదు. పెద్ద ఆటగాడి కాలికి దక్కే ఓర్పు చిన్న ఆటగాడి కాలికి దక్కదు.

ఆశాపక్షం: ఆ లోపాన్ని ఒప్పుకోక తప్పదు. హాలిబర్టన్‌పై పెట్టుకున్న ఆశ వైజ్‌మన్‌పై పెట్టుకోలేదు, జాక్సన్‌పైనా పెట్టుకోలేదు. అయితే ఒకరిపై ఉన్న ఓర్పు అందరికీ చాలకపోతే, ఆ ఒక్కరిపై ఉన్నదానిని కూడా తీసివేయాలా?

సంశయపక్షం: తీసివేయమనడం లేదు, పరీక్షకు పెట్టమనడమే. టెండన్ అతుక్కుని ఆడడానికి అనుమతి వచ్చినా, ఆ కాలు మునుపటి వేగాన్ని అందుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టవచ్చు. వరుస రాత్రులలో రెండు ఆటలు ఉన్నప్పుడు రెండవదానికి విశ్రాంతి అడగవలసి రావచ్చు. హాలిబర్టన్ తిరిగివచ్చిన తొలి సీజన్‌లో, ఒక దగ్గరి ఆట నాలుగవ క్వార్టర్ మధ్యలో, తన పిక్క పట్టేస్తోందని అతడే చెప్పి బెంచీ వైపు నడిస్తే, అప్పుడు గెయిన్‌బ్రిడ్జ్ ఫీల్డ్‌హౌస్ ఎలా స్పందిస్తుందన్నదానిమీదే ఆశాపక్షం ఇంతసేపు చెప్పిన శ్రద్ధ ఎంత నిజమో తేలుతుంది. 2013లో చికాగో ఆ పరీక్షలో నెగ్గలేదు.

ఆశాపక్షం: ఆ పరీక్షను ఈ పక్షం అంగీకరిస్తుంది. కాకపోతే అతడు బెంచీమీద కూర్చున్నాక మిగిలిన ఐదుగురు ఆ ఆటను గెలవగలరని అరిచే గొంతులు కూడా ఆ హాలులో ఉండాలి. ఆ అరుపును కూడా తప్పుపట్టే వాదమైతే దానిని ఒప్పుకోవడం కుదరదు.

సంశయపక్షం: ఆ అరుపు బెంచీమీద ఉన్నవాడి చెవికి ఎలా వినబడుతుందన్న ప్రశ్న అప్పుడు కూడా మిగిలే ఉంటుంది.